పదకొండు నిమిషాల తోడు

సాగరపేట పురపాలక సంఘం ఇరవై రెండేళ్లుగా దోమలను నిర్మూలించడంలో విఫలమవుతూ వచ్చిన మాట వాస్తవమే గానీ, ఆ అనుభవం వృథా పోలేదు. అదే షెడ్డు, అదే సిబ్బంది, అట్ట మీద పేరు మార్చిన అవే రిజిస్టర్లతో, పట్టణంలోని ఒంటరితనాన్ని మార్చి ముప్పై ఒకటో తేదీలోగా సమూలంగా నిర్మూలించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇందుకు కారణం ఒక సినిమా.

రెండేళ్ల కిందట ఎక్కడివాళ్లో వచ్చి, నలభై రోజులు లాడ్జిలో దిగి, పాత కస్టమ్స్ గోడౌను చుట్టుపక్కల ఆ సినిమా తీసుకుని వెళ్లిపోయారు. భార్య పోయిన ఒక ముసలాయన, ఆయనకు తోడైన వీధికుక్కలు, మొత్తం తొమ్మిది మాటలు: అంతే కథ. సినిమా నడిమధ్యలో ముసలాయనా ఒక గోధుమరంగు కుక్కా గోడౌను మెట్ల మీద పదకొండు నిమిషాల పాటు ఊరికే కూర్చుంటారు. ఊళ్లో మొదటి ఆట చూసిన పద్దెనిమిది మందిలో నలుగురు ఆ ఘట్టంలో లేచి, మిషను ఆగిపోయిందేమోనని పైగదికి వెళ్లి అడిగి వచ్చారు. రెండో ఆట పడలేదు. తరవాత ఏదో చలిదేశంలో దానికి బహుమతి వచ్చింది. దాంతో తమ ఊళ్లో గొప్ప సినిమా తయారైందని సాగరపేటకు తెలిసింది.

కమిషనరు గారు ఆ చిత్రాన్ని కల్యాణమండపంలో సిబ్బంది కోసం ప్రత్యేకంగా వేయించారు. హాజరు తప్పనిసరి. లోపలికి వచ్చేటప్పుడొక సంతకం, మధ్యలో జారుకోకుండా విశ్రాంతి సమయంలో మరొకటి. పదకొండు నిమిషాల ఘట్టంలో రెండో నిమిషం దగ్గర కమిషనరు గారికి నిద్ర పట్టింది. చప్పట్లకు మెలకువ వచ్చేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. ఆయన కదిలిపోయారని అందరూ అనుకున్నారు. కాసేపు ఆలోచించి ఆయన కూడా అదే అభిప్రాయానికి వచ్చి, మైకు అందుకున్నారు. ఇకపై ఈ పట్టణంలో ఏ పౌరుడూ ఒంటరిగా ఉండటానికి వీల్లేదని, అర్హుడైన ప్రతి ఒంటరికీ ఒక వీధికుక్కను సంఘమే కేటాయిస్తుందని, విధివిధానాలకు సినిమానే ప్రమాణంగా తీసుకోవాలని ప్రకటించారు.

ఇలా ఏర్పడిన ఒంటరితన నిర్మూలన విభాగానికి ప్రత్యేకాధికారి గుర్రం సత్యదాసు. దోమల విభాగంలో పండిపోయినవాడు. ఎక్కడ నిలవ ఉంది, ఎక్కడ పెరుగుతోంది, ఎన్నిళ్లలో కనిపించింది అన్న మూడు ప్రశ్నలతో ఆయన దేన్నైనా అంచనా వేయగలడు. ఒంటరితనానికీ అదే పద్ధతిలో ఇంటింటి సర్వే మొదలుపెట్టించాడు.

ఆ సర్వే ఒక సాయంత్రం అయిదుంబావుకు గోడౌను వీధిలో నేమాని త్రివిక్రమం మెట్ల దగ్గరికి వచ్చింది.

త్రివిక్రమం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఇరవై తొమ్మిదేళ్లు పుస్తకాలకు సూచీ కార్డులు రాసి, కిందటేడాదే స్వచ్ఛందంగా విరమించుకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. మేడ మీద రెండు గదులు, వాటి నిండా పుస్తకాలు, కింద ఇనపసామాన్ల కొట్టు వాళ్ల సరుకు. ఎండా వానా అన్న తేడా లేకుండా ఆయన చేతిలో ఒక నల్ల గొడుగు ఉండేది. విరిగిన దాని పిడికి ఎర్రదారం చుట్టి ఉండేది. రోజూ సాయంత్రం అయిదింటికి ఆయన వీధిమెట్లలో మూడోదాని మీద కూర్చుని పుస్తకం తెరిచేవాడు. సరిగ్గా ఆ వేళకే ఎడమచెవి కొస కత్తిరించిన గోధుమరంగు ఆడకుక్క ఒకటి వచ్చి రెండో మెట్టు మీద కూర్చునేది. ఆయన "ఏమోయ్" అనేవాడు. అది తోక ఒకసారి ఆడించి రోడ్డు చూసేది. ఆయన చదువుకునేవాడు. చీకటి పడ్డాక ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లు. నాలుగేళ్లుగా ఇదే. రోజు మొత్తం మీద ఆయన ఎదురుచూసేది ఆ ఒక్క గంట కోసమే. అయితే ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు.

సర్వేకు వచ్చిన అమ్మాయి ఫారం తీసి, తమరు ఒంటరివారా అని అడిగింది.

త్రివిక్రమం అరనిమిషం ఆలోచించాడు. ఉద్యోగకాలంలో ఆయన ఒక్క పుస్తకాన్నీ తప్పు తరగతిలో చేర్చి ఎరగడు. తనను తాను మాత్రం ఎందుకు చేరుస్తాడు?

"కాదమ్మా. ఇది వస్తుంది కదా," అన్నాడు కుక్కను చూపించి.

ఆ అమ్మాయి ఫారం తిప్పి రెండో పేజీ నింపింది. కుక్క పేరు అడిగితే, పేరేమీ లేదు, వచ్చినప్పుడు ఏమోయ్ అంటానని చెప్పాడు. పేరు గడిలో 'ఏమోయ్' అని రాసుకుంది. నివాసం అడిగితే, తెలియదు, ఇక్కడ మాత్రం రెండో మెట్టు అన్నాడు. అదీ రాసుకుంది.

మూడు రోజుల తరవాత వ్యాను వచ్చింది, నోటీసు ఇచ్చారు. "పై విషయము పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, తాము ఒంటరివారు కారని స్వయముగా వాంగ్మూలమిచ్చి యున్నందున, తమ వద్దగల గోధుమ రంగు శునకమును (పేరు: ఏమోయ్) తమ అవసరమునకు మించిన సాంగత్యముగా పరిగణించి, అర్హులగు ఒంటరివారికి కేటాయించు నిమిత్తము స్వాధీనపరచుకొనడమైనది."

కుక్కను పట్టుకోవలసిన అవసరం కూడా రాలేదు. సినిమావాళ్లు వచ్చిన నాటి నుంచీ వ్యానంటే దాని దృష్టిలో బిస్కెట్లు. తనంతట తానే ఎక్కి కూర్చుంది.

మర్నాడు అయిదింటికి త్రివిక్రమం మూడో మెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. చీకటి పడేసరికి అదే పేజీలో ఉన్నాడు. ఆ మర్నాడు గొడుగు తీసుకుని దోమల షెడ్డుకు వెళ్లాడు.

సత్యదాసు ఆయన్ను మర్యాదగా కూర్చోబెట్టాడు. బల్ల మీద ఫైళ్ల పక్కన ఒంటిగిన్నె టిఫిను క్యారియరు ఉంది. గోడకు సినిమాలోని ముసలాయన బొమ్మ, దాని కింద లక్ష్యసాధన పట్టిక.

"సార్, మీరు ఒంటరివారు కాదని మీ నోటితో మీరే చెప్పారు."

"అప్పుడు కుక్క ఉంది."

"ఇప్పుడు లేదు. అంటే ఇప్పుడు మీరు అర్హులు. మరి అందుకేగా సార్ మేం తీసుకెళ్లింది? అనర్హులను అర్హుల పరిధిలోకి తేవడం కూడా మా లక్ష్యాల్లో ఉంది," అంటూ సత్యదాసు దరఖాస్తు చేతికిచ్చాడు.

దరఖాస్తుతో పాటు ఒంటరితన ధ్రువపత్రం జతచేయాలి. అభ్యర్థికి ఈ లోకంలో సన్నిహితులెవరూ లేరని, ఆయన్ను సన్నిహితంగా ఎరిగిన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. త్రివిక్రమం రెండు రోజులు ఆలోచించి, వీధి చివర టీకొట్టు మస్తాన్‌తోనూ, పాత పుస్తకాలకు అట్టలు కట్టే నూకరాజుతోనూ సంతకాలు పెట్టించాడు. మస్తాన్ సంతకం పెడుతూ, "నాకు మీరు తెలుసని రాయాలా, మీకెవరూ తెలియదని రాయాలా సార్?" అని అడిగాడు. రెండూ రాయాలన్నాడు త్రివిక్రమం. వారం తిరక్కుండా దరఖాస్తు వెనక్కి వచ్చింది. అభ్యర్థికి ఇద్దరు సన్నిహితులున్నట్లు జతపరచిన పత్రమే రుజువు చేస్తున్నందున తిరస్కరించడమైనదని ఎర్రసిరాతో రాసి ఉంది.

ఆయన మళ్లీ వెళ్లాడు. సాక్షులు లేనివారికి మరో దారి ఉందని సత్యదాసు ఓపికగా వివరించాడు. తొంభై రోజుల నిరంతర ఒంటరితనాన్ని పూర్తిచేసి చూపితే చాలు. వారానికోసారి తనిఖీదారు వచ్చి చూసుకుంటాడు.

మొదటి మంగళవారం తనిఖీదారు వచ్చాడు. ఇంటికొచ్చిన మనిషి కదా అని త్రివిక్రమం కాఫీ ఇచ్చాడు. "సందర్శకులు: ఒకరు. సంభాషణ: పదిహేను నిమిషాలు. నిరంతరత భంగమైనది" అని నివేదిక వెళ్లింది. తొంభై రోజులూ మళ్లీ ఒకటి నుంచి మొదలు. రెండో మంగళవారం ఆయన కాఫీ ఇవ్వలేదు, మాట్లాడలేదు, తలుపు తీసి నిలబడ్డాడంతే. నివేదికలో సంభాషణ గడి ఖాళీగా ఉంది గానీ సందర్శకుల గడిలో మళ్లీ ఒకరు.

"మీ మనిషి రావడం మానేస్తే సరిపోతుంది కదా," అన్నాడు త్రివిక్రమం షెడ్డులో.

"తనిఖీ జరగని ఒంటరితనాన్ని లెక్కలోకి తీసుకోలేం సార్. ఊరికే ఒంటరినంటే నమ్మేస్తామా? ఆ మాటకొస్తే నా కుటుంబం అనంతపురంలో ఉంది. ఇది నాకు మూడో బదిలీ. అయినా సిబ్బంది అర్హులు కారని నిబంధన ఉంది కాబట్టి నేను ఒంటరిని కాను," అని సత్యదాసు టిఫిను క్యారియరును కాస్త పక్కకు జరిపాడు.

ఈలోగా అర్హుల జాబితా గోడకెక్కింది. మొదటి స్థానం తొంభై ఆరు మార్కులతో హైమావతి గారిది. ఆవిడ ఆడపిల్లల హైస్కూలులో హెడ్‌మిస్ట్రెస్సుగా చేసి రిటైరై, రెండు వీధుల అవతల రేడియోతోనూ గళ్లనుడికట్టుతోనూ హాయిగా ఉంటోంది. అసలు దరఖాస్తే పెట్టలేదు. సర్వే వాళ్లు మూడుసార్లు తలుపు కొడితే మూడుసార్లూ తీయలేదు. ఒక్కో మారుకు ముప్పై రెండు మార్కులు వేశారు. కుక్కల్లోనూ సంఘం తరగతులు ఏర్పరచింది. బహుమతి పొందిన చిత్రంలోని ప్రసిద్ధ ఘట్టంలో మెట్ల మీద కూర్చున్న కుక్క మొదటి తరగతిది. మొదటి తరగతి కుక్క మొదటి స్థానానికి. అలా, కత్తిరించిన చెవికొసను బట్టి సినిమాలోది అదేనని తేలిన 'ఏమోయ్' అనే శునకం, జీవితంలో కుక్కను ముట్టుకోని హైమావతి గారికి మేళతాళాలతో అందజేయబడింది.

నియమం ప్రకారం లబ్ధిదారు రోజూ సాయంత్రం అయిదింటి నుంచి పదకొండు నిమిషాల పాటు, సినిమాలో మాదిరిగా, శునకంతో మెట్ల మీద మౌనంగా కూర్చోవాలి. స్టాప్‌వాచీతో ఒక ఉద్యోగి పర్యవేక్షిస్తాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో హైమావతి ప్రతి ఉత్తర్వునూ, అదెంత తెలివితక్కువదైనా, ముందు అమలు చేసి ఆ తరవాతే అసమ్మతి రాసి పంపేది. ఇప్పుడూ అలాగే కూర్చుంది. కూర్చోనిది కుక్క. అయిదు కొట్టేసరికి అది లేచి, తాడుతో సహా వీధిలోకి నడిచేది. మూడు రోజులు ఉద్యోగి మలుపు దగ్గర పట్టుకొచ్చాడు, నాలుగో రోజు హైమావతే తాడు వదలకుండా దాని వెంట నడిచింది.

త్రివిక్రమం పుస్తకంలోంచి తల ఎత్తేసరికి రెండో మెట్టు మీద కుక్క ఉంది. దాని మెడలో తాడు, తాడు రెండో కొసన రొప్పుతున్న ఒక పెద్దావిడ, ఆవిడ చేతిలో కాగితం.

"ఇది మీదేనా?" అంది ఆవిడ.

"కాదండీ, మీదే. జాబితా చూశాను."

"నాది కాదు. నాకు కేటాయించారు. ఈ రెంటికీ తేడా తెలిసినవారిలా ఉన్నారు, చేతిలో పుస్తకం ఉంది." ఆవిడ కాగితం చూపింది. "వరసగా మూడు రోజులు సాంగత్యం మధ్యలో శునకం పరారైనందుకు నాకు మెమో ఇచ్చారు. సర్వీసులో ఒక్క మెమో ఎరగనిదాన్ని. రిటైరైన తొమ్మిదేళ్లకు కుక్క మూలంగా సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది."

త్రివిక్రమం మెమో తీసుకుని రెండుసార్లు చదివాడు. లబ్ధిదారు మెట్ల మీద కూర్చోవాలని ఉంది గానీ, ఎవరి మెట్లన్నది లేదని వినయంగా చెప్పాడు. హైమావతి కళ్లజోడు సవరించుకుని తానూ చదివి, తెలివైన విద్యార్థిని చూసినట్టు ఆయన్ను చూసింది. మర్నాడు అయిదింటికి మడతస్టూలు పట్టుకుని వచ్చింది. కుక్క రెండో మెట్టు మీద, ఆవిడ పక్కన స్టూలు మీద, ఆయన ఎప్పట్లాగే మూడో మెట్టు మీద కూర్చున్నారు.

పర్యవేక్షణకు వచ్చిన ఉద్యోగి స్టాప్‌వాచీ నొక్కడానికి నిరాకరించాడు. లబ్ధిదారు, శునకం ఇద్దరే ఉండాలని, మూడో వ్యక్తి ఉంటే దాన్ని సాంగత్యం అనరు, సమావేశం అంటారని అన్నాడు. ఆయనింటి మెట్ల మీంచి ఆయన్ను ఎక్కడికి పొమ్మంటావు నాయనా అని హైమావతి అడిగితే, విషయం పైకి వెళ్లింది. సందేహం వచ్చినప్పుడల్లా ప్రమాణగ్రంథం సినిమాయే కాబట్టి, సత్యదాసు ఇద్దరినీ షెడ్డుకు పిలిపించి, కంప్యూటరులో ఆ పదకొండు నిమిషాలూ వేయించాడు.

ముసలాయనా కుక్కా కూర్చుని ఉన్నారు. ఏమీ జరగలేదు. ఏడో నిమిషంలో కుక్క హఠాత్తుగా తోక ఆడించింది. జీవితం మనిషిని క్షమించే క్షణం అదేనని పత్రికలు రాశాయని సత్యదాసు మెల్లగా చెప్పాడు. సరిగ్గా అదే క్షణంలో తెర ఎడమ అంచున, దూరంగా, మసకమసకగా గొడుగు పట్టుకున్న ఒక ఆకారం వచ్చి నిలబడింది. తొమ్మిదో నిమిషం దాకా అలాగే నిలబడి, ఎవరో లాగినట్టు మాయమైంది. ఆ ఆకారం మృత్యువని కొందరు పండితులు, పోయిన భార్య జ్ఞాపకమని కొందరు పండితులు వాదించుకున్నారట.

"అది నేనే," అన్నాడు త్రివిక్రమం.

ఆయన గొడుగు బల్ల మీద పెట్టాడు. పిడికి ఎర్రదారం ఉంది. తెర మీది గొడుగు పిడి దగ్గరా మసకగా ఒక ఎర్రచుక్క ఉంది.

"ఆరోజు అయిదింటికి ఇది రాలేదు. వెతుక్కుంటూ వెళ్లాను. చేతిలో వాకీటాకీ ఉన్న ఒకాయన భుజం పట్టుకుని పక్కకు లాగేశాడు."

హైమావతి తెర వైపు, ఆగిపోయిన తోక వైపు, కాసేపు చూసింది. "క్షమించడం ఏమీ కాదు. మిమ్మల్ని చూసి ఆడించింది," అంది.

సత్యదాసు మాత్రం కొత్త ఆధారం దొరికిన అధికారిలా కలం తీశాడు. రెండు రోజుల్లో సవరణ ఉత్తర్వు వెలువడింది: "ప్రమాణ చిత్రమును పరిశీలించిన మీదట, సాంగత్య సమయమున గొడుగు గల వ్యక్తి ఒకరు, పన్నెండు అడుగుల దూరమున, ఏడవ నిమిషము మొదలు తొమ్మిదవ నిమిషము వరకు నిలబడుటకు అనుమతించడమైనది."

నాలుగేళ్లు రోజుకు గంట చొప్పున తనదైన కుక్క, ఇప్పుడు త్రివిక్రమానికి రోజుకు రెండు నిమిషాలు, పన్నెండడుగుల దూరం నుంచి. ఆయన దాన్ని కూడా తు.చ. తప్పకుండా పాటించాడు. టేపుతో కొలిచి సుద్దగీత గీసుకుని, దాని మీద గొడుగు విప్పి నిలబడేవాడు. ఏడో నిమిషంలో కుక్క తోక ఆడించేది. తొమ్మిదో నిమిషంలో ఆయన మేడెక్కేవాడు. వెళ్లేముందు 'ఏమోయ్' అనడానికి కూడా ఉత్తర్వులో చోటు లేదు.

అయిదో రోజున పర్యవేక్షక ఉద్యోగి సెలవు పెట్టడంతో సత్యదాసే స్వయంగా వాచీ పట్టుకుని వచ్చాడు. ఏడో నిమిషంలో త్రివిక్రమం గీత మీదికి వచ్చాడు. ఎనిమిదో నిమిషంలో ఉరుమైనా లేకుండా వాన దిగింది. అక్కడ ఉన్నది ఒకే గొడుగు. అది పన్నెండడుగుల దూరంలో, నిబంధన ప్రకారం, ఉండవలసిన చోట ఉంది.

కుక్క ముందు లేచింది. హైమావతి స్టూలు మడిచి చంకన పెట్టుకుని దాని వెనక నడిచింది. సత్యదాసు మాత్రం వాచీని అరచేత్తో కప్పుకుని వానలో నిలబడే ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఏమయ్యా సత్యదాసూ, నిమోనియా వచ్చాక దాన్ని ఏ గడిలో రాస్తావు? ఇలా రా," అంది హైమావతి.

వాన సన్నబడేదాకా నలుగురూ ఆ గొడుగు కిందే ఉన్నారు. అందరికీ తలా ఒక భుజం తడిసింది. కుక్కకు మాత్రం ఎక్కడా తడవలేదు. సత్యదాసు తన చిన్నకూతురు ఫోనులో పాఠాలు ఎలా అప్పజెబుతుందో చెప్పాడు. హైమావతి దానికి తప్పులు దిద్దింది. త్రివిక్రమం, ఎవరూ అడక్కుండానే, తను చదువుతున్న పుస్తకం గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఎప్పుడో ఆగి, తన గొంతు తనకే కొత్తగా వినపడినట్టు గొడుగు పిడి వైపు చూసుకున్నాడు. సత్యదాసు వాచీ చూసుకునేసరికి నలభై ఒక్క నిమిషాలు. నివేదికలో పదకొండు అని రాశాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన రాసిన మొదటి అబద్ధం అది కాకపోవచ్చు గానీ, సిగ్గుపడకుండా రాసింది మాత్రం అదే.

మార్చి ముప్పై ఒకటిన సాగరపేట ఒంటరితన రహిత పట్టణంగా ప్రకటించబడింది. ఏప్రిల్ మొదటి వారంలో కమిషనరు గారు ఇంకో బహుమతి సినిమా చూశారు. అందులో పాడైపోయిన గడియారాలు ఉన్నాయట. ఊళ్లోని గోడగడియారాలన్నీ జమచేయవలసిందిగా ఆదేశాలొచ్చాయి. కుక్కల పథకం మూతపడింది. శునకాలను సర్వేలో నమోదైన యథాస్థానాల్లో దించి రసీదు పుచ్చుకోవాలన్నారు. ఒక ఉదయం పదకొండింటికి వ్యాను గోడౌను వీధిలో ఆగింది. ఇద్దరు మనుషులు రిజిస్టరు చూసుకుని, మెట్లు లెక్కపెట్టి, గోధుమరంగు కుక్కను రెండో మెట్టు మీద పెట్టి త్రివిక్రమం సంతకం తీసుకున్నారు. వ్యాను మలుపు తిరిగేదాకా అది అక్కడే కూర్చుని, తరవాత దిగి తన పనుల మీద తాను వెళ్లిపోయింది. అయిదింటికి వచ్చింది.

అయిదింటికి హైమావతి కూడా వచ్చింది, మడతస్టూలుతో.

"మీరింక రానక్కర్లేదు కదండీ, పథకం తీసేశారు," అన్నాడు త్రివిక్రమం. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు మూలంగా అనేశాడు గానీ, అన్న మరుక్షణం నాలిక కరుచుకున్నాడు.

"పథకం తీసేస్తే తీసేశారు. నాకు ఉత్తర్వు ఇచ్చి నియమించారు. ఉత్తర్వు ఇచ్చి రిలీవ్ చేయాలి. అందాకా బాధ్యత నాదే," అని ఆవిడ స్టూలు వేసుకుంది.

మర్నాడు సత్యదాసూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఇప్పుడాయన గడియారాల విభాగానికి ప్రత్యేకాధికారి. షెడ్డు అదే.

"ఏమయ్యా, నా రిలీవింగ్ ఆర్డరు ఏమైంది?" అంది హైమావతి.

"టైపవుతోంది మేడమ్. రేపు పట్టుకొస్తాను."

నిన్నా ఆ మాటే చెప్పాడు. కార్డుల మీది సన్నని అక్షరాలు ఇరవై తొమ్మిదేళ్లు చదివిన త్రివిక్రమం కళ్లకు, సత్యదాసు చొక్కాజేబులోంచి పైకి వచ్చిన కాగితపు మడత మీద తలకిందులుగా ఉన్న టైపు వరస స్పష్టంగానే కనిపించింది: "శ్రీమతి హైమావతి గారిని శునక సాంగత్య బాధ్యతల నుండి తక్షణమే". ఆ కాగితం ఇప్పటికే ఒకసారి చెమటకు తడిసి ఆరినట్టుంది.

ఆయన మూడో మెట్టు మీద గోడవైపు కాస్త జరిగి, పక్కన ఉన్న గొడుగు తీసి ఒళ్లో పెట్టుకుని, సత్యదాసుకు చోటు చేశాడు.